గింజ లేని నూనె

మా ఆయనకి లోకంలో ఉన్న నూనెలన్నీ తెలుసు, ఒక్క కారు నూనె తప్ప. ఆ ఒక్కటీ తెలియదన్న సంగతి కూడా ఆయనకి తెలియదు.

నరసరావుపేటలో మాకు నూనె మిల్లుంది. మా ఆయన నాగభూషణం గారు వేరుశెనగ నూనె డబ్బా దగ్గర నిలబడి, అందులో పత్తిగింజల నూనె ఏపాటి కలిసిందో గాలి పీల్చి చెప్పేస్తారు. ఆయన పరీక్షలు ఆయనకున్నాయి. బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసుకుని వేలు వంచుతారు. చుక్క నిలబడితే అసలు, జారితే కల్తీ. తర్వాత అరచేతుల మధ్య రుద్ది వాసన చూస్తారు. ఆఖర్న నాలిక చివర అద్దుకుంటారు. ఈ మూడూ నెగ్గితేనే ఆ నూనెకి మా మిల్లు గడప దాటే యోగం. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇలాగే చూశారని నేనంటుంటాను. ఆయన నవ్వరు.

కారు మాత్రం నాది. ఆ మాట నేను గట్టిగానే అంటాను. మా నాన్న వెంకటకృష్ణయ్య కొన్న అంబాసిడర్ అది, ఆయన పోయాక నాకు వచ్చింది.

మా ఊరు మాచర్ల అవతల కృష్ణ ఒడ్డున ఉండేది. ఉండేది అనే అనాలి. సాగర్ డ్యాము లేచాక నీళ్ళ కిందికి పోయింది. ఆ పేరు ఇప్పుడు ఏ బస్సు మీదా కనిపించదు. మా వాళ్ళ పెళ్ళి శుభలేఖల్లో 'వాస్తవ్యులు' అన్న మాట ముందు ఒక్కొక్కరూ ఒక్కో కొత్త ఊరి పేరు వేయించుకుంటారు. నేను చదివి పక్కన పెట్టేస్తాను.

నాన్నకి ఊళ్ళో కొట్టూ, కొంత మెట్ట పొలమూ ఉండేవి. మునక పరిహారం చేతికి రాగానే అందరూ ఎక్కడెక్కడో పొలాలు కొనుక్కున్నారు. నాన్న కారు కొన్నాడు. మతి చలించిందన్నారు, పొలం పోయిన దిగులుకి చక్రాలు బిగించాడన్నారు. ఆయన ఒక్కటే మాట అనేవాడు. నీళ్ళు ఎప్పుడో ఒకప్పుడు దిగుతాయి, దిగిన నాడు ఈ కారులో ఊరికి పోవాలి. నరసరావుపేట వచ్చి మా పక్కింట్లో ఉంటూ రోజూ పొద్దున్నే కారు తుడిచేవాడు. ఇంజను పట్టేయకుండా అప్పుడప్పుడూ కోటప్పకొండ దాకా తిప్పుకొచ్చేవాడు. మాచర్ల రోడ్డు మాత్రం ఎక్కించలేదు. అటు వెళ్ళేది ఒక్కసారే, అది ఊరికే అనేవాడు.

ఊరికి పోయి ఏం చేయాలో కూడా చెప్పి పోయాడు. ప్రతి ఊరికీ నడిబొడ్డున ఒక రాయి ఉంటుంది. ఊరు పుట్టిన నాడు పాతిన రాయి, బొడ్డురాయి. మా ఊళ్ళో ఏటా అమ్మవారి కొలుపుల ముందు దానికి ఆముదంతో తలంటేవాళ్ళు. ఆముదం మా కొట్లోంచే వెళ్ళేది. ఊరు ఖాళీ చేసిన సంవత్సరం లారీలు ముందొచ్చాయి, కొలుపులు తర్వాతన్నారు. ఆ తర్వాత లేదు. బొడ్డురాయిని పెకిలించి తెచ్చుకోకూడదు, ఊరు లేచిపోయినా అది అక్కడే ఉండాలి. తల్లికి తలంటకుండా నీళ్ళలో వదిలేసి వచ్చామని నాన్న మంచాన పడ్డాక కూడా గొణుగుతూనే ఉన్నాడు. నేను చేస్తానని మాటిచ్చాను. అప్పటికి అది పోయే మనిషికి చెప్పే మాట. నీళ్ళు దిగుతాయని నేనూ అనుకోలేదు.

దిగాయి. రెండేళ్ళు వరసగా వానలు ముఖం చాటేశాయి. రోహిణి కార్తెలో మిల్లుకి సరుకు తెచ్చిన మాచర్ల లారీ డ్రైవరు మాటల మధ్య చెప్పాడు, సాగర్ వెనక నీళ్ళు బాగా వెనక్కి పోయాయని, పాత ఊళ్ళ గోడలు బయటపడ్డాయని, కొన్ని చోట్ల పాత బండ్ల బాట కూడా కనిపిస్తోందని. ఆ రోజు నేను వండిన అన్నం మాడిపోయింది. మా ఆయన మాడు పక్కకి తీసుకుని తిన్నారు. తిన్నాక, మాచర్లకి బస్సులున్నాయి కదా అన్నారు.

"నాన్న కారులో పోదామన్నాడు, బస్సులో కాదు" అన్నాను.

అక్కడితో చర్చ అయిపోయింది. మృగశిర కార్తె వచ్చి పైన వానలు పడితే నీళ్ళు మళ్ళీ లేస్తాయి. ఈలోపే వెళ్ళాలి, కారులోనే వెళ్ళాలి. మిగిలింది కారు సంగతి.

కారు సంగతి బాగాలేదు. స్టార్టు చేస్తే వీధి చివరిదాకా నీలం పొగ. మా వీధివాళ్ళు ఆ పొగకి దోమలు చస్తున్నాయని సంతోషించేవాళ్ళు. ఇంజను ఆయిలు తాగేది, తాగి టకటకమని గొణిగేది. నాన్న గొణిగినట్టే ఉండేది నాకు. కారు మంచీచెడ్డా చూసేది జబ్బార్. అబ్దుల్ జబ్బార్ మా ఊరి వాడే. వాళ్ళ నాయన అలీ సాహెబ్ ఎడ్లకి నాడాలు కొట్టేవాడు, బండి ఇరుసులకి కందెన పెట్టేవాడు. కొడుకు మోటార్ల పని నేర్చుకుని పల్నాడు రోడ్డులో షెడ్డు వేసుకున్నాడు. నన్ను అక్కా అంటాడు, మా ఆయన్ని బావగారూ అంటాడు. మా ఊరి పేరు పైకి పలికే మనుషులు పేటలో మేమిద్దరమే.

జబ్బార్ బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. రోజూ పోసే చిక్కటి ఆయిలే పోస్తే రెంటచింతల ఎండకి అది నీళ్ళయిపోయి, సగం పొగగా పోతుందని, ఇంజను కాగి మధ్యలో నిలబడినా నిలబడుతుందని అన్నాడు. అన్నవాడు ఇంకా ఏదో చెప్పాల్సింది ఉన్నట్టు నిలబడ్డాడు. మర్నాడు వాళ్ళావిడ జరీనా వెంట వచ్చింది. ఒక డబ్బాని పసిబిడ్డలా సిల్కు దుపట్టాలో చుట్టి ఎత్తుకొచ్చింది. వాళ్ళన్న జహంగీర్ కువైట్‌లో గ్యారేజీలో పని చేస్తాడు. అతను సెలవుకొచ్చినప్పుడు తెచ్చిన ఇంజనాయిలట, సింథటిక్‌దట. వాడే కారు లేక బీరువాలో అత్తరు సీసాల పక్కన దాచారు. అక్క మన ఊరికి పోతోందంటే ఇంక దాచేదెందుకని జరీనాయే తీసిందట. ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి.

సింథటిక్ అంటే నాకు తెలిసింది చీరలే. నలగవు, తొందరగా ఆరుతాయి, మన ఎండలకి ఒంటి మీద మాత్రం సెగలు పుట్టిస్తాయి. నూనెలో కూడా నైలెక్స్ వచ్చిందన్నమాట అనుకున్నాను. మూత తీస్తే లోపల తేనె రంగులో తేటగా ఉంది. మా ఆయన కండువా సర్దుకుని ముందుకొచ్చారు. గోరు మీద చుక్క వేసుకుని వేలు వంచారు. చుక్క ఆగలేదు, నేలమీద పడింది. రుద్ది వాసన చూశారు. వాసన లేదు. మేం వద్దంటున్నా వినకుండా నాలికకి అద్దుకున్నారు. ఆ తర్వాత కొంతసేపు ఆయన మాట్లాడే స్థితిలో లేరు.

నోరు కడుక్కుని వచ్చి, ఇది ఏ గింజ నూనె అని అడిగారు. గింజది కాదని, భూమిలోంచి తోడింది తోడినట్టు కాకుండా మనుషులే ఫ్యాక్టరీలో కూర్చి చేసిందని జబ్బార్ వినయంగా చెప్పాడు. వేడికి పలచబడదు, పొగ కాదు, ఇంజను పట్టులా నడుస్తుందని జహంగీర్ చెప్పాడట. అయితే జబ్బార్‌కి ఇంకో అనుమానం ఉంది. దాచుకోకుండా అదీ చెప్పాడు.

"అక్కా, ఈ ఇంజన్లో ఏళ్ళ తరబడి మడ్డి పేరుకునుంది. ఎక్కడ సీలు పాడైతే అక్కడ ఆ మడ్డే గడ్డకట్టి కూర్చుంది. అదుండబట్టే ఆయిలు కారట్లేదు. ఈ ఆయిలు దాన్ని కడిగేసిద్ది. కడిగినాక ఇంజను పాడిద్దో, ఏడ్చిద్దో నేను చెప్పలేను."

పాత ఆయిలు పోస్తే దారిలో కాగుతుందేమో. కొత్తది పోస్తే కారుతుందేమో. రెండూ ఏమోలే. మా ఆయనకి మాత్రం ఏ అనుమానమూ లేదు. చిక్కటి ఆయిలు గోరు మీద మేకు కొట్టినట్టు నిలబడింది కాబట్టి అదే మేలన్నారు. మోటారు ఆయిలుకి మన గోరు పరీక్ష ఏమిటని నేనన్నాను. నూనె ఏదైనా నూనేనన్నారు.

"గింజ లేని నూనె ఏందే? గింజ లేదంటే దానికి పుట్టిల్లు లేదనేగా. పుట్టిల్లు లేంది ఎక్కడ నిలబడిద్ది?"

ఆయన నన్ను అనలేదు. నూనెనే అన్నారు, అది నాకు తెలుసు. అయినా మాట వచ్చి నా మీదే పడింది. ప్రతి ఏడూ అట్లతద్దికో, శ్రావణమాసానికో పక్కింటి ఆడపిల్లలు పుట్టింటికి వెళ్ళి వస్తుంటే, నేను నీళ్ళు తలుచుకుని ఊరుకున్న దాన్ని. జరీనా కూడా తల వంచుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"పొయ్యి, జబ్బార్. ఆ కొత్తదే పొయ్యి" అన్నాను.

పోశాడు. పాత ఆయిలు తారులా జారి పళ్ళెంలో పడింది. కొత్తది చప్పుడు లేకుండా లోపలికి దిగింది. రెండు మూడు రోజులు పేటలోనే తిప్పి చూశాడు. పొగ తగ్గింది, ఎక్కడా కారలేదు. అన్నిటికన్నా వింత, కారు గొణగడం మానేసింది. టకటక పోయి, పిల్లి నిద్రలో చేసే చప్పుడొకటి మిగిలింది. జబ్బార్ ముఖం వెలిగిపోయింది. నాకు సంతోషమూ కలిగింది, ఏదో పోయినట్టూ అనిపించింది. మూలగడం మానిన ప్రతి రోగీ కోలుకున్నట్టు కాదని మా ఆయన అన్నారు. అని ఊరుకోకుండా, బొడ్డురాయి తలంటుకి ఒక డబ్బా ఆముదం తనే దగ్గరుండి ఆడించి, మూడు పరీక్షలూ చేసి, మూత బిగించి డిక్కీలో పెట్టారు. అలా ఉంటుంది ఆయన వరస.

ప్రయాణం ముందు రోజు మధ్యాహ్నం కునుకులో నాకో కల వచ్చింది. కారు నీళ్ళ అడుగున వెళ్తోంది. అద్దాల అవతల చేపలు మాతో పాటే వస్తున్నాయి. ముందు సీట్లో నాన్న కూర్చుని, అద్దం దించమ్మా, గాలి రానీ అంటున్నాడు. దించితే నీళ్ళొస్తాయి నాన్నా అంటున్నాను నేను. లేచేసరికి దిండు తడిసి ఉంది, చెమటో ఇంకేదో.

తెల్లవారగానే బయలుదేరాం. జబ్బార్ నడుపుతున్నాడు, మా ఆయన పక్కన, నేను వెనక. నకరికల్లు దాటేసరికి ఎండ పడింది. పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీల పొడి రోడ్డుని కమ్మేసింది. చెట్లు తెల్లగా, లారీలు తెల్లగా, మనుషులు కనురెప్పలతో సహా తెల్లగా ఉన్నారు. ఆ తెలుపులోంచి మా కారు చప్పుడు లేకుండా వెళ్తుంటే, ఎవరో మరిచిపోయిన ఊరిని మళ్ళీ గుర్తు తెచ్చుకుంటూ గీస్తున్నట్టు, ఇంకా రంగులు వేయనట్టు అనిపించింది. గురజాల వచ్చింది, పోయింది. రెంటచింతల ఎండకి రోడ్డు మీద నీళ్ళు నిలిచినట్టు ఎండమావులు. కారు వాటి మీద తేలిపోతోంది. జబ్బార్ రెండు మూడుసార్లు వేడి చూపించే ముల్లుని వేలితో తట్టి చూశాడు, అది కదిలితేగా. ఇంత తేలిగ్గా ఈ కారు ఎన్నడూ నడవలేదక్కా అన్నాడు. మా ఆయన బయటికి చూస్తూ కూర్చున్నారు, ఓడిపోవడం ఇష్టం లేని మనిషి.

నేను సీటు మీద వాలి కళ్ళు మూసుకున్నాను. మెలకువో నిద్రో తెలియని ఆ దారంతా నాన్న ముందు సీట్లోనే ఉన్నాడు. మాచర్ల దాటాక పెద్ద రోడ్డు వదిలి మట్టి బాట పట్టాం. కొంత దూరం పోయాక చిల్లచెట్ల మధ్య ఆ బాట కూడా ఆగిపోయింది. ముందు విశాలంగా పల్లం, దూరంగా నీళ్ళ గీత. పల్లం మొదట్లో, మట్టి కింది నుంచి పైకి లేచి, నాపరాళ్ళ అంచులతో, మా ఊరి బండ్ల బాట.

జబ్బార్ చెప్పులు విడిచి పక్కన పెట్టి, ఉత్తికాళ్ళతో పెడలు తొక్కుతూ కారు ఆ బాట మీదికి దించాడు. రెండు పక్కలా పగుళ్ళు తీసిన బురద, నత్తగుల్లలు, మొదళ్ళు మాత్రమే మిగిలిన చింతచెట్లు. బాట మలుపు తిరిగిన ప్రతిచోటా నా ఒళ్ళు ముందే ఆ పక్కకి ఒరిగింది. మలుపులు నాకు గుర్తులేవనుకున్నాను. ఒంటికి గుర్తున్నాయి. పైకప్పులు లేని రాతి గోడలు మొదలయ్యాయి. అలీ సాహెబ్ నాడాలు కొట్టిన రాతి అరుగు దగ్గర జబ్బార్ కారు ఆపాడు, దిగాడు, ఆ అరుగు మీద చేయి వేసి నిలబడ్డాడు.

నేను మా ఇంటి కోసం నడిచాను. ఇల్లు లేదు, గడప రాయి ఉంది. మా ఆయన నా వెనకే వచ్చి, ఏదని అడిగారు. చూపించాను. ఆయన కూర్చుని, భుజం మీది కండువా తీసి, గడప మీది ఎండిన మట్టిని తుడవడం మొదలుపెట్టారు. మూలల్లోకి కూడా వేలు పెట్టి తుడిచారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఇంట్లో చీపురు ముట్టుకోని మనిషి.

"నేనా మాట అనకుండా ఉండాల్సింది" అన్నారు తల ఎత్తకుండా.

నాకు కోపం ఎక్కడ పోయిందో తెలియదు. పక్కన కూర్చున్నాను. అల్లుడి మర్యాద చేయడానికి మా వాళ్ళెవరూ లేరు. ఆ గడప మీద ఆయనా నేనూ కూర్చున్నాం, అంతే.

అప్పుడు జబ్బార్ పిలిచాడు. వెళ్ళి చూస్తే, మేం వచ్చిన బాట పొడవునా తెల్లటి మట్టి మీద నల్లటి గీత. దూరాన సన్నగా, దగ్గరికి వచ్చేకొద్దీ లావుగా. కారు కింద ఆఖరి చుక్కలు పడుతున్నాయి. జబ్బార్ కిందికి దూరి, బయటికి వచ్చి, పుల్ల తీసి చూపించాడు. ఆయిలు చూసే పుల్ల పొడిగా ఉంది. మడ్డంతా కరిగిపోయి వెనక సీలు నోరు తెరిచిందని, పోసిందంతా దారికే పోసి వచ్చామని చెప్పాడు. పొగరుతో నేను పోయించిన నూనె అది. రెంటచింతల ఎండలో కారుని పువ్వులా మోసుకొచ్చింది కూడా అదే. ఎవర్ని తిట్టాలో తోచలేదు. దారికని సర్ది పెట్టమన్న చిక్కటి ఆయిలు డబ్బా ఏదని అడిగితే, కొత్తది చుక్క తగ్గదన్న ధీమాలో షెడ్డులోనే వదిలేశానని తల కొట్టుకున్నాడు.

నీళ్ళ వైపు నుంచి వలలు భుజాన వేసుకుని ఒక జాలరి వచ్చాడు, ఇన్నయ్య అట. కారుని చూసి ఆశ్చర్యపోయి, వెంటనే కంగారుపడ్డాడు.

"పైనుంచి నీళ్ళొదిలారంట. పొద్దున్నించీ ఎక్కతన్నయ్. రేపటికి మీరు నిలబడ్డ కాడ నా పడవ ఉంటది. మిమ్మల్నయితే ఒడ్డున దింపుతా. బండిని నేనేం చేసేది?"

జబ్బార్ పెద్ద రోడ్డుకి నడిచి, బస్సు పట్టుకుని మాచర్ల పోయి ఆయిలు తెచ్చేసరికి మర్నాడవుతుంది. అప్పటికి కారు నీళ్ళలో ఉంటుంది. నాన్న ఊరు పోయినట్టే కారూ పోతుంది, ఊరు పోయిన చోటే. పడమట మబ్బు కూడా పట్టింది. ఎప్పుడూ లేని చల్లగాలి.

డిక్కీలో ఆముదం డబ్బా ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. జబ్బార్ ఒకసారి డిక్కీ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. నాకు అర్థమైంది. వాళ్ళ నాయన బండి ఇరుసుల్లో పోసింది ఆముదమే. అడిగితే, వెనకటి రోజుల్లో పందాల మోటార్లలో కూడా ఆముదం పోసేవాళ్ళని ముసలి మేస్త్రీలు చెప్పగా విన్నానని, చిక్కటిది కాబట్టి అంత తొందరగా కారిపోదని, ఇల్లు చేరేదాకా మోస్తుందని, తర్వాత ఇంజను విప్పి బంక గీకాల్సిందేనని ఒప్పుకున్నాడు. దాదాపు అంతా పోస్తేగాని చాలదన్నాడు. మా ఆయన మాత్రం అది మీ నాన్నగారి మొక్కు, నేనడగను, నీ ఇష్టం అన్నారు.

మొదట బొడ్డురాయి దగ్గరికి వెళ్ళాం. వెతికే పని లేకపోయింది, బాటలన్నీ దానికాడికే వచ్చి ఆగుతాయి. మోకాలెత్తు రాయి. మెడ దాకా మట్టిలో ఉంది, తల మాత్రం బయటికి పెట్టి చూస్తోంది. ఇన్నేళ్ళు నీళ్ళ కింద కళ్ళు మూయకుండా మా కోసం చూసినట్టే ఉంది. మోకాళ్ళ మీద కూలబడి, చేతులతో దాని చుట్టూ మట్టి తీశాను. డబ్బా పక్కనే ఉంది. ఒంపితే నాన్న మాట తీరుతుంది. ఒంపితే నాన్న కారు మునుగుతుంది. ఇంతకన్నా ఆ కువైట్ డబ్బా, మా చిక్కటి డబ్బా ఎదురెదురుగా పెట్టుకుని ఎంచుకోవడం ఎంత తేలిక.

నాన్నని అడుగుదామనిపించింది. కల్లో ఊరికే మాట్లాడే మనిషి మెలకువలో పలకడు. రాయి తల మీద చేయి వేసి ఉంచాను. ఎండకి గోరువెచ్చగా ఉంది, అప్పుడే నీళ్ళు పోసి పడుకోబెట్టిన పసిబిడ్డ మాడులాగే ఉంది. పసిపిల్లలకి తలంటేటప్పుడు మా అమ్మ డబ్బాలతో పోసేది కాదు. అరచేతి గుంటలో చారెడు ఆముదం వంపుకుని మాడుకి పెట్టి, అది ఇంకేదాకా చేత్తో తట్టేది. మాడు చల్లబడితే ఒళ్ళంతా చల్లబడినట్టే అనేది.

అరచేతిలో ఆముదం వంపుకున్నాను. రాయి మాడుకి పెట్టి, ఇంకేదాకా తట్టాను. ఎండిన రాయి ఎంత తొందరగా తాగిందో. ఇంకో చారెడు పెట్టాను. జబ్బార్‌ని కూడా పెట్టమన్నాను. తను పెట్టొచ్చా అన్నట్టు చూశాడు. నువ్వు ఈ ఊరి బిడ్డవి కాదా అన్నాను. అతను కూర్చుని, రెండు చేతులా రాసి, లేచేటప్పుడు చేతుల్ని తలకి రాసుకున్నాడు. మా ఆయన దూరంగా నిలబడ్డారు. రమ్మన్నాను. గోరు మీద కాకుండా అరచేతిలో నూనె పట్టుకోవడం ఆయనకి చేతకాలేదు, సగం వేళ్ళ సందుల్లోంచి జారింది.

"ఇంక నాన్న కారుకి పొయ్యి" అన్నాను జబ్బార్‌తో.

డబ్బా ఖాళీ అయ్యేదాకా పోశాడు. చిక్కగా, నెమ్మదిగా దిగింది. ఇంజను మొదట ఒప్పుకోలేదు, దగ్గింది, తర్వాత తీసుకుంది. టకటక మళ్ళీ మొదలైంది. ఆ గొణుగుడు వినగానే నాకు గుండె దిటవైంది. ఇన్నయ్య వెనక నుంచి ఒక తోపు తోసి, పైకి పోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. బాట మలుపులో తిరిగి చూస్తే నీళ్ళ గీత దగ్గరికి వచ్చేసింది. రాయి తల నూనెతో మెరుస్తోంది. మళ్ళీ కప్పేస్తాయి నీళ్ళు. కప్పుకోనీ, తలంటుకున్న ఒళ్ళు.

తర్వాత నెలకి ఇంజను విప్పినప్పుడు జబ్బార్ నన్ను పిలిచి చూపించాడు. లోపలంతా ఆముదం ఎండి తేనె రంగు లక్కలా పట్టేసింది. అది గీకడానికి అతనికి నడుములు పడిపోయాయి. కొత్త సీళ్ళు వేసి, ఈసారి ఏ ఆయిలు పొయ్యమంటావక్కా అని అడిగాడు. మామూలుదే పొయ్యమన్నాను. కువైట్ ఆయిలు చెడ్డదని కాదు, కొత్త ఇంజనుకి అది కొత్త కోడలిలా బాగుంటుంది. జరీనాకి ఆ మాటే చెప్పి, దుపట్టా ఉతికి తిరిగిచ్చాను.

కానీ నేను చెప్పాల్సింది ఆ సాయంత్రం సంగతి. మాచర్ల దాటేసరికి ఎండ వాలింది. ఇంజను వేడెక్కేకొద్దీ వాసన మొదలైంది. ముందు నాకు ఒక్కదానికే అనుకున్నాను. తర్వాత మా ఆయన ముక్కు ఎగరేసి గాలి పీల్చారు. ఆయనకి చెప్పక్కర్లేదు. పొగగొట్టంలోంచి పొగతో పాటు వస్తోంది, కాలుతున్న ఆముదం వాసన. మా కొట్లో సాయంత్రం పూట నాన్న ప్రమిద వెలిగిస్తే వచ్చేది అదే. నాన్న పోయిననాడు కూడా ఏడవని దాన్ని, పనులు చక్కబెట్టిన దాన్ని, వెనక సీట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు, మంచివాళ్ళు.

కారు ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ జనం తలలు తిప్పుతున్నారు. రెంటచింతలలో మంచాలు బయట వేసుకుంటున్న వాళ్ళు ఆగి గాలి పీల్చారు. గురజాలలో ఒక ఇల్లాలు, ఎవరింట్లోనో దీపం పెట్టినట్టుందే అని లోపలికి కేకేసి చెప్పింది. పిడుగురాళ్ళలో సున్నం కొట్టుకుపోయిన కూలీలు లారీ దిగుతూ మా వెనక చాలాసేపు చూశారు. రాయికి తెచ్చిన నూనె రోడ్డు పొడవునా దీపమై వెలుగుతూ వస్తోంది. నాన్న ఎప్పుడూ ఎక్కించని ఆ మాచర్ల రోడ్డు మీద, ఊరి నుంచి పేట దాకా.

నకరికల్లు దగ్గర గేదెలు అడ్డం వస్తే కారు ఆపాల్సి వచ్చింది. రోడ్డు పక్కన గుమ్మంలో కూర్చున్న ఒక ముసలామె, చూపు ఆనదనుకుంటాను, తల మా వైపు తిప్పి ఆ వాసన పీల్చి, రెండు చేతులూ జోడించింది. ఎవరికి మొక్కుతోందో ఆమెకి తెలియదు. నాకు తెలుసు.

అద్దం పూర్తిగా దించి, కాస్త నెమ్మదిగా పోనీయమని జబ్బార్‌తో చెప్పాను.